కోసుకునే తోటల్లో భద్రత, బాధ్యత

కొనేవాళ్లే తోటలోకి వెళ్లి, తమ చేతులతో పండ్లు కోసుకుని, తూకం వేయించుకుని డబ్బు కట్టి తీసుకెళ్లే పద్ధతిని అమెరికాలో యూ-పిక్ అనీ, బ్రిటన్‌లో పిక్ యువర్ ఓన్ అనీ అంటారు. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో జూన్‌లో స్ట్రాబెర్రీలు, జులైలో బ్లూబెర్రీలు, సెప్టెంబరులో యాపిల్స్, అక్టోబరులో గుమ్మడికాయలు వస్తాయి. న్యూజెర్సీ, మసాచుసెట్స్, పెన్సిల్వేనియాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ‘యాపిల్ పికింగ్’ దసరా రోజుల్లో పడే ఏటేటి కార్యక్రమం. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని, అత్తమామల్ని కూడా వెంట తీసుకెళతారు.

ఆ తోట వచ్చినవాళ్లకు విహారస్థలమైనా రైతుకు పని జరిగే చోటు. ట్రాక్టరు తిరుగుతుంది, మందు కొడతారు, చెరువుకు గట్టు ఉంటుంది కానీ కంచె ఉండదు, కంచె ఉంటే దానికి కరెంటు ఉంటుంది. ఈ సంగతులు తెలియని వందలమంది, చంటిపిల్లలతో సహా, ఆదివారం ఒక్కరోజే లోపలికి వస్తారు. వాళ్లలో ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది, గేటు దగ్గర పెట్టిన హెచ్చరిక బోర్డు ఎవరిని ఎంతవరకు కాపాడుతుంది అనే ప్రశ్నల చుట్టూ గత రెండు దశాబ్దాల్లో అమెరికాలో ఒక ప్రత్యేక చట్టశాఖే తయారైంది.

పద్ధతి పుట్టుక

1930ల మాంద్యంలో పండ్ల ధర కోతకూలికి కూడా చాలని పరిస్థితి వచ్చింది. యుద్ధకాలంలో కూలీలే దొరకలేదు. పండును కోసి, పెట్టెలకెత్తి, పట్నం చేర్చే ఖర్చు తప్పుతుందని కొందరు రైతులు జనాన్నే తోటలోకి రానిచ్చారు. 1970ల నాటికి ఇది బాగా వ్యాపించింది. అప్పట్లో వచ్చేవాళ్లు ఎక్కువగా ఇంట్లో జామ్‌లు, నిల్వపండ్లు చేసుకునేవాళ్లు. బుట్టలు నింపుకుని వెళ్లిపోయేవాళ్లు. ఇప్పుడు వచ్చేది పిల్లలతో ఒక పూట గడపడానికి. పండ్లతో పాటు గడ్డిబండి షికారు, మొక్కజొన్న చేలో దారి వెతుక్కునే ఆట, మేకపిల్లలకు మేత పెట్టడం అన్నీ కలిశాయి. అమెరికా వ్యవసాయ గణన ప్రకారం ఇలాంటి వ్యవసాయ పర్యాటక సేవల మీద రైతులకు వచ్చిన ఆదాయం 2017లో సుమారు 95 కోట్ల డాలర్లు. 2022కు అది 126 కోట్లకు చేరింది. పండ్ల అమ్మకం మీద వచ్చే డబ్బు ఈ లెక్కలోకి రాదు, దాన్ని వేరే పద్దులో చూపిస్తారు. ప్రమాదాల స్వభావం మారడానికి కారణం కూడా ఈ మార్పే. కాయలు కోయడం వల్ల తగిలే దెబ్బల కంటే, దాని చుట్టూ చేరిన వినోదాల్లో తగిలేవే ప్రాణాల మీదికి తెస్తాయి.

దెబ్బలు ఎక్కడ తగులుతాయి

అన్నిటికంటే మామూలుగా జరిగేది కాలు జారడం, మడమ మెలిక పడటం. చెట్ల వరసల మధ్య గడ్డి నున్నగా కత్తిరించి పచ్చికబయలులా కనిపిస్తుంది. కింద నేల మాత్రం ఎగుడుదిగుడు. గ్రౌండ్‌హాగ్ అనే జంతువు తవ్విన బొరియలు గడ్డిలో దాగి ఉంటాయి. పొద్దున పది గంటలదాకా మంచు ఆరదు. రాలి కుళ్లిన యాపిల్ మీద అడుగు పడితే కాలు నిలవదు. చెప్పులతో, చీర కుచ్చెళ్లు కాళ్లకు తగులుతుండగా నడిచే పెద్దవాళ్లకు ఇది చాలా చిక్కైన నేల. చాలా తోటలు ముందే వేళ్లు కప్పే బూట్లు వేసుకు రమ్మని కోరుతున్నాయంటే కారణం ఇదే. ఆ మాట ఇంట్లో పెద్దవాళ్లదాకా చేరవేయడం పిల్లల పని.

నిచ్చెన సంగతి కొంత మారింది. పాతకాలపు యాపిల్ చెట్టు ఇరవై, ముప్ఫై అడుగులు ఎదిగేది. దానికి మూడుకాళ్ల తోట నిచ్చెన వాడేవారు. మెత్తటి నేలలో దిగబడి నిలవడానికి అది బాగుంటుంది, కానీ గట్టినేల మీద, అలవాటు లేనివాళ్ల కింద పక్కకు ఒరిగిపోతుంది. ఇంగ్లండులోని ఈస్ట్ మాలింగ్ పరిశోధన కేంద్రం ఇరవయ్యో శతాబ్దం మొదటి భాగంలో ఎంచి ఇచ్చిన ఎం.9 లాంటి పొట్టి వేరుమూలాల మీద అంటుకట్టడం వ్యాపించాక చెట్టు మనిషి ఎత్తుకు కాస్త పైన ఆగిపోతోంది. దిగుబడి కోసం తెచ్చిన ఈ మార్పు సందర్శకుల భద్రతకు ఏ బోర్డూ చేయలేనంత మేలు చేసింది. ఇప్పుడు చాలా తోటల్లో సందర్శకులకు నిచ్చెన ఇవ్వరు. పైకొమ్మల కోసం చివర చిన్న సంచి ఉన్న కర్ర ఇస్తారు. చెట్టెక్కడం పూర్తిగా నిషేధం.

రాలిన పండ్ల దగ్గర కందిరీగలు మూగుతాయి. సెప్టెంబరు చివరికి వాటి ఉద్ధృతి ఎక్కువ. ఎలర్జీ ఉన్నవాళ్లకు ఒక్క కుట్టు చాలు, ఊపిరి ఆగే పరిస్థితి వస్తుంది. అప్పుడు వేసుకోవలసిన ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ కారులో వదిలేసి తోటలో అర మైలు లోపలికి వెళ్లడం ప్రమాదం. కంచెల పక్కన పాయిజన్ ఐవీ అనే తీగ ఉంటుంది. కాడకు మూడేసి ఆకులు, తాకినచోట దద్దుర్లు. ఈశాన్యంలో గడ్డిలో ఉండే పిడుదుల వల్ల లైమ్ జ్వరం వస్తుంది. ఇంటికి వెళ్లాక పిల్లల మోకాళ్ల వెనక, చెవుల వెనక చూసుకోవాలి.

గడ్డిబండి విషయంలో మాత్రం నిదానంగా ఆలోచించాలి. ట్రాక్టరు వెనక తగిలించిన బండిలో గడ్డిమోపుల మీద జనాన్ని కూర్చోబెట్టి తిప్పుతారు. ఆ బండి మొదట సరుకు మోయడానికి చేసింది. చాలావాటికి సొంత బ్రేకులు ఉండవు, బరువంతా లాగే వాహనం ఆపాలి. పల్లంలో దిగేటప్పుడు వెనకబండి ముందున్న వాహనాన్ని నెట్టేస్తుంది. 2014 అక్టోబరులో మెయిన్ రాష్ట్రంలోని మెకానిక్ ఫాల్స్‌లో జీపు లాగుతున్న గడ్డిబండి పల్లంలో అదుపు తప్పింది. పదిహేడేళ్ల అమ్మాయి చనిపోయింది, ఇరవైమందికి పైగా గాయపడ్డారు. ఆ బండిలో కూర్చున్న వాళ్లెవరికీ బ్రేకుల స్థితి తెలిసే అవకాశం లేదు. వచ్చినవాళ్లు తమ కళ్లతో చూసి తప్పించుకోగల అపాయం వేరు, నడిపేవాళ్లకు మాత్రమే తెలియగల అపాయం వేరు. చట్టమంతా ఈ తేడా మీదే నడుస్తుంది.

కంటికి కనపడనివి

సూక్ష్మజీవుల వల్ల జరిగే హాని తోటలో ఉండగా బయటపడదు, మూడు నాలుగు రోజుల తర్వాత ఇంట్లో బయటపడుతుంది. 2004లో నార్త్ కరోలినా రాష్ట్ర ప్రదర్శనలో పశువులను ముట్టుకునే ఆవరణ నుంచి ఇ.కోలై ఓ157 అనే క్రిమి సోకి వందమందికి పైగా జబ్బుపడ్డారు. పిల్లల్లో కొందరికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. మరుసటి ఏడాది ఆ రాష్ట్రం పశు ప్రదర్శనలకు కంచెలు, చేతులు కడుక్కునే చోట్లు, బోర్డులు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. 2009లో ఇంగ్లండులోని సర్రేలో ఒక సందర్శక క్షేత్రంలో ఇదే క్రిమి 93 మందికి సోకింది. అందులో 76 మంది పదేళ్లలోపు పిల్లలు. సబ్బు, పారేనీళ్లు కావాలి. చేతికి రాసుకునే శానిటైజరు పేడ అంటిన చేతుల మీద సరిగా పనిచేయదు.

పండు మీదికీ ఈ క్రిమి చేరగలదు. 2011లో ఓరెగన్‌లో స్ట్రాబెర్రీల వల్ల వచ్చిన ఇ.కోలై జబ్బుకు మూలం చేలోకి వచ్చిన జింకల పెంటిక అని తేలింది. అందుకే నేలమీద పడ్డ పండును ఏరుకోవద్దంటారు. అమెరికా ఆహార భద్రత ఆధునికీకరణ చట్టం 2011లో వచ్చింది, దాని కింద పంటల భద్రత నిబంధన 2015లో ఖరారైంది. దాని పరిధిలోకి వచ్చే తోటల్లో సందర్శకులకు శుభ్రత నియమాలు తెలియజేయడం, మరుగుదొడ్డి, చేతులు కడుక్కునే వసతి అందుబాటులో ఉంచడం రైతు విధి. కోస్తూ నోట్లో వేసుకోవడం అందరికీ ఇష్టమే. కడగని పండు తినవద్దనే బోర్డు ఉన్నచోట దాన్ని పాటించడం, ముఖ్యంగా అయిదేళ్లలోపు పిల్లల విషయంలో, మంచిది.

పురుగుమందుల లేబుల్ మీద రెండు గడువులు ఉంటాయి. మందు కొట్టాక మనుషులు లోపలికి వెళ్లకూడని గడువు ఒకటి, కాయ కోయకూడని గడువు ఇంకొకటి. మామూలు తోటలో రెండోది ఎక్కువగా పట్టించుకుంటారు. స్ట్రాబెర్రీ మీద వాడే క్యాప్టాన్ లాంటి శిలీంద్రనాశినికి కోత గడువు సున్నా రోజులు, ప్రవేశ గడువు 24 గంటలు. అంటే పండుకు ఆంక్ష లేకపోయినా మనిషికి ఉంది. జనమే లోపలికి వచ్చి కోసుకునే చోట ఈ రెండింటిలో ఏది పెద్దదైతే దాన్నే పాటించాలి. శుక్రవారం సాయంత్రం మందు కొట్టి శనివారం పొద్దున్నే గేటు తెరవడం లేబుల్‌ను ఉల్లంఘించడమే. అమెరికాలో లేబుల్‌కు చట్టమంత బలం ఉంది. మంచి తోటల్లో మందు కొట్టిన వరసలకు తాడు కట్టి, ఎన్ని గంటలదాకా రాకూడదో రాసిపెడతారు.

అమెరికా చట్టం నడిచిన దారి

ఇంగ్లిషు సంప్రదాయ న్యాయం ఇతరుల భూమిలోకి వచ్చేవాళ్లను మూడు రకాలుగా చూసింది. వ్యాపారం కోసం పిలిపించుకున్న ఆహ్వానితులు, అనుమతితో తమ పనిమీద వచ్చినవాళ్లు, అనుమతి లేకుండా చొరబడ్డవాళ్లు. యూ-పిక్ సందర్శకులు మొదటి రకం. వాళ్లపట్ల బాధ్యత అన్నిటికంటే బరువైనది. తెలిసిన అపాయాన్ని చెప్పడం చాలదు, తెలియనివాటిని వెతికి సరిచేయడం కూడా భూయజమాని పనే. పిల్లల విషయంలో ఇంకో మెట్టు ఎక్కువ. 1873లో రైలు తిప్పే చక్రం మీద ఆడుకుంటూ గాయపడ్డ బాలుడి కేసులో అమెరికా సుప్రీంకోర్టు, పిలవకుండా వచ్చిన పిల్లల విషయంలోనూ రైల్వే కంపెనీ బాధ్యత నుంచి తప్పించుకోలేదంది. పిల్లల్ని ఆకర్షించే అపాయకరమైన వస్తువుల సిద్ధాంతం అక్కడి నుంచి పెరిగింది. పొలంలో ఆపి ఉంచిన ట్రాక్టరు, గడ్డివామి, చెరువు ఆ కోవలో వాదనకు వస్తాయి.

1960ల నుంచి రాష్ట్రాలు వినోద వినియోగ చట్టాలు చేశాయి. డబ్బు తీసుకోకుండా వేటకో నడకకో భూమి తెరిచిన యజమానికి అవి రక్షణ ఇచ్చాయి. పండుకు డబ్బు తీసుకునే రైతుకు అవి చాలాచోట్ల వర్తించవు. ఈ లోటును న్యూహాంప్‌షైర్ సూటిగా పూడ్చింది. తోటలో కోసుకోనిచ్చిన యజమాని పండుకు డబ్బు తీసుకున్నా సరే, కావాలని చేసినదో బొత్తిగా లెక్కలేనితనమో ఉంటే తప్ప గాయాలకు బాధ్యుడు కాడని చట్టంలో రాసుకుంది. మసాచుసెట్స్‌లోనూ కోసుకునే తోటలకే ప్రత్యేకించిన సెక్షన్ ఉంది, ప్రవేశద్వారం దగ్గర బోర్డు ఉండాలి.

తర్వాత వచ్చినవి విస్తృతమైన వ్యవసాయ పర్యాటక చట్టాలు. కాన్సస్ 2004లో, నార్త్ కరోలినా 2005లో, వర్జీనియా 2006లో చేశాయి. టెక్సస్ 2015లో, ఒహాయో 2016లో, న్యూయార్క్ 2017లో, పెన్సిల్వేనియా 2021లో చేరాయి. ఇప్పుడు ముప్ఫైకి పైగా రాష్ట్రాల్లో ఏదో ఒక రూపంలో ఉన్నాయి. అన్నిటి సారం ఒకటే. నేల, జంతువులు, పనిముట్లు, వాతావరణం వీటిలో సహజంగా ఉండే అపాయాల వల్ల జరిగిన హానికి రైతు బాధ్యుడు కాడు. ఆ రక్షణ కావాలంటే ఆయన నిర్ణీత పద్ధతిలో హెచ్చరించాలి.

ఆ పద్ధతి ఎంత నిక్కచ్చిగా ఉంటుందో చూడాలి. నార్త్ కరోలినాలో బోర్డు మీది మాటలు చట్టమే ఇస్తుంది, సొంత మాటల్లో రాయడానికి లేదు. అక్షరాలు నల్లవి, ఒక్కొక్కటి కనీసం ఒక అంగుళం ఎత్తు. ద్వారం దగ్గరే కాక, కార్యక్రమం జరిగే చోట కూడా కనిపించాలి. పెన్సిల్వేనియాలో బోర్డు కనీసం మూడడుగులు, రెండడుగులు ఉండాలి. దానితో పాటు సంతకం చేసిన ఒప్పందమో టికెట్టు మీది హెచ్చరికో కావాలి. అక్కడి చట్టం పెళ్లిళ్లకు, సంగీత కచేరీలకు, రాత్రి బసకు, భోజన సేవలకు వర్తించదు. న్యూయార్క్ రైతుమీద మరికొన్ని విధులు పెట్టింది. సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి, అపాయాల గురించి చదివి వెనక్కి తగ్గిన సందర్శకుడికి వాడుకోకముందే డబ్బు తిరిగి ఇస్తామని తెలియజేయాలి. సందర్శకుల విధులు కూడా అందులోనే రాసింది. బోర్డులు చదవాలి, హద్దులు దాటకూడదు, పిల్లల్ని కనిపెట్టుకోవాలి.

బోర్డు పెట్టగానే రైతు అన్నిటి నుంచీ బయటపడతాడని ఎవరైనా అనుకుంటే పొరపాటు. నార్త్ కరోలినా, వర్జీనియాల్లో నిర్లక్ష్యం రుజువైతే రక్షణ పోతుంది. ఒహాయోలో భద్రతను కావాలని ఖాతరు చేయకపోతే పోతుంది. తెలిసిన, లేదా తెలుసుకోవలసిన ప్రత్యేక అపాయాన్ని చెప్పకుండా దాచినా పోతుంది. వర్షానికి గడ్డి జారడం సహజ అపాయం. విరిగిన మెట్టును మూడు వారాలుగా చూస్తూ వదిలేయడం కాదు. ఆవు తోక విసరడం సహజం. ఇదివరకే ఇద్దరిని కుమ్మిన పొట్టేలును పిల్లల మధ్య వదలడం కాదు. కాబట్టి తనిఖీ చేసిన తేదీ, సరిచేసిన పని, మందు కొట్టిన గంట ఒక పుస్తకంలో రాసి ఉంచే రైతుకు కోర్టులో ఆ పుస్తకమే పెద్ద ఆధారం.

ఇక్కడ ఈ వ్యాసకర్త అభిప్రాయం చెప్పక తప్పదు. చట్టం రాసిచ్చిన బోర్డు కోర్టు కోసం పుట్టింది. తమాషాగా గడపడానికి వచ్చిన కుటుంబం గేటు దగ్గర ఆగి బాధ్యత, సహజ అపాయం, మరణం అనే మాటలున్న పేరా చదవదు. చదివినా దానివల్ల బొరియ ఎక్కడుందో తెలియదు. మనిషిని కాపాడేది అపాయం ఉన్నచోటే, అయిదారు మాటల్లో, బొమ్మతో ఉన్న రెండో రకం బోర్డు. ‘ఈ కంచెకు కరెంటు ఉంది’, ‘నీళ్లు లోతు, పిల్లల చెయ్యి వదలకండి’, ‘బండి పూర్తిగా ఆగాకే దిగండి’. ఏ చట్టమూ ఈ మాటలు రాసివ్వదు. భాష సంగతి కూడా ఉంది. పొలం పనివాళ్ల కోసం పెట్టే పురుగుమందుల హెచ్చరికలు ఇంగ్లిషు, స్పానిష్ రెండింటిలో ఉంటాయి. వారాంతంలో తెలుగు, గుజరాతీ, చైనీస్ మాట్లాడే తాతలు, నానమ్మలు ఎంతోమంది తిరిగే తోటల్లో పుర్రెబొమ్మ, మెరుపుబొమ్మ, అడ్డంగా గీత కొట్టిన నిచ్చెన బొమ్మ అందరికీ అర్థమయ్యే భాష.

సంతకాలు, బీమా

కొన్ని తోటలు, ముఖ్యంగా బండ్లు, గెంతే పరుపులు ఉన్నవి, లోపలికి రాకముందే దావా వేసే హక్కు వదులుకునే పత్రం మీద సంతకం పెట్టించుకుంటాయి. దాని విలువ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. వర్జీనియా సుప్రీంకోర్టు 1992లో గాయానికి ముందే హక్కు వదులుకునే ఒప్పందం చెల్లదంది. న్యూయార్క్‌లో రుసుము తీసుకునే వినోదస్థలాలు నిర్లక్ష్యం నుంచి ఇలా తప్పించుకోవడాన్ని చట్టమే కొట్టేసింది. న్యూజెర్సీ సుప్రీంకోర్టు 2006లో ఒక స్కేట్ పార్కు కేసులో, వ్యాపార వినోదస్థలంలో పిల్లల తరఫున తల్లిదండ్రులు ముందుగా పెట్టే ఇలాంటి సంతకం పిల్లల హక్కును తీసేయలేదని తీర్పు చెప్పింది. ఫోన్‌లో వేలితో గీసిన సంతకంతో పిల్లల హక్కంతా పోయిందని బెంగపడే తల్లిదండ్రులకు ఈ తీర్పు సంగతి తెలియాలి.

బీమా దగ్గర చాలామంది రైతులు దెబ్బతింటారు. మామూలు వ్యవసాయ పాలసీ పంట పండించి అమ్మే పనికి. జనాన్ని రానిచ్చి వినోదం నడపడం దాని పరిధిలో లేదని కంపెనీ క్లెయిము తోసిపుచ్చవచ్చు. గడ్డిబండి, పశువుల ఆవరణ, గెంతే పరుపు ఒక్కొక్కటీ పేరుపేరునా పాలసీలో ఉందో లేదో రాతపూర్వకంగా చూసుకోవాలి.

బ్రిటన్, ఇతర దేశాలు

ఇంగ్లండు, వేల్స్‌లలో దారి వేరు. 1957 నాటి ఆక్యుపయర్స్ లయబిలిటీ చట్టం సందర్శకులందరిపట్ల ఒకే రకం శ్రద్ధ చూపమంది. పిల్లలు పెద్దలంత జాగ్రత్తగా ఉండరని యజమాని ముందే అనుకోవాలని విడిగా చెప్పింది. హెచ్చరిక పెట్టినంత మాత్రాన బాధ్యత తీరదు. ఆ హెచ్చరిక వల్ల సందర్శకుడు నిజంగా క్షేమంగా ఉండగలిగాడా అన్నది చూస్తారు. వ్యాపారం చేసేవాళ్లు తమ నిర్లక్ష్యం వల్ల కలిగిన మరణానికి, గాయానికి బాధ్యత లేదని రాసుకోవడాన్ని 1977 చట్టం కొట్టేసింది, 2015 వినియోగదారుల హక్కుల చట్టం అదే కొనసాగించింది. నార్త్ కరోలినా గేటు మీది బోర్డును ఇంగ్లండులోని కెంట్‌లో పెడితే అది చెక్కముక్క కిందే లెక్క.

ఈ ఆలోచన వెనక 1922 నాటి స్కాట్లండు కేసు ఒకటి ఉంది. గ్లాస్గో బొటానిక్ గార్డెన్స్‌లో ఏడేళ్ల బాలుడు చెర్రీల్లా కనపడిన విషపు కాయలు తిని చనిపోయాడు. ఆ పొద చుట్టూ తగిన కంచె లేదు, హెచ్చరిక లేదు. ఆ ఆరోపణలు నిజమైతే నగరపాలక సంస్థ బాధ్యత వహించాల్సిందేనని అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. కోసుకుని తినమని పిలిచే తోటలో తినకూడని కాయ పిల్లల చేతికి అందేచోట ఉండటం దానికంటే తీవ్రం. మరోవైపు 2003లో చెరువులో దూకి మెడ విరిగిన యువకుడి కేసులో అదే సభ, కంటికి స్పష్టంగా కనిపించే అపాయం నుంచి పెద్దవాళ్లను కాపాడటం యజమాని పని కాదంది.

ఆస్ట్రేలియాలో న్యూసౌత్‌వేల్స్ 2002 చట్టం అమెరికా పద్ధతికి దగ్గరగా, వినోద కార్యక్రమాల్లో హెచ్చరికకు బలమైన రక్షణ ఇస్తుంది.

తెలుగునాట

లంబసింగి, చింతపల్లి ప్రాంతాల్లో చలికాలం స్ట్రాబెర్రీ తోటలు పర్యాటకులను రానిస్తున్నాయి. హైదరాబాద్ చుట్టుపక్కల ద్రాక్షతోటల్లో ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుత్తులు కోసుకోవడానికి కుటుంబాలు వెళుతున్నాయి. మహారాష్ట్ర 2020లో వ్యవసాయ పర్యాటక విధానం ప్రకటించింది. భారతదేశంలో రైతుకు అమెరికా తరహా మినహాయింపు ఇచ్చే చట్టం లేదు. మామూలు నిర్లక్ష్యపు సూత్రాలే వర్తిస్తాయి. ప్రవేశ రుసుము తీసుకుంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపం ఫిర్యాదుకు దారి ఉంది. నిర్లక్ష్యం వల్ల మరణం జరిగితే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద అయిదేళ్లదాకా శిక్ష పడవచ్చు.

ఇక్కడి అపాయాలు వేరు. అమెరికా పొలంలో కరెంటు కంచె అంటే ఎనర్జైజరు నుంచి క్షణక్షణానికి ఒక్కో తరంగం పంపేది. తగిలితే ఉలిక్కిపడతారు, సాధారణంగా ప్రాణం పోదు. అడవిపందుల కోసం మన చేలల్లో కొందరు తీగకు నేరుగా లైను కరెంటు తగిలిస్తారు. అది చట్టవిరుద్ధం, ఏటా మనుషుల్ని చంపుతోంది. సందర్శకులు వచ్చే తోటకు ఆనుకున్న పొలాల్లో అలాంటి తీగ ఉందేమో కనుక్కోవలసిన బాధ్యత నిర్వాహకుడిది. గోడ లేని వ్యవసాయ బావి, మూతలేని బోరుగుంత మిగతావి. వదిలేసిన బోర్లను పూడ్చి మూయాలని సుప్రీంకోర్టు 2010లోనే మార్గదర్శకాలిచ్చింది.

పాముకాటు గురించి బోర్డు తెలుగులో ఉండాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర ఈ నాలుగింటికీ పనిచేసే విరుగుడు మందు ప్రభుత్వాసుపత్రుల్లో దొరుకుతుంది. కట్టు బిగించడం, కోసి రక్తం తీయడం చేయకూడదు, కాలు కదపకుండా ఆసుపత్రికి చేర్చాలి. 108కి ఫోన్ చేసినవాళ్లు తామున్న చోటు చెప్పగలిగితేనే అంబులెన్స్ రాగలదు. తోట పేరు, సర్వే నంబరు, దగ్గరి ఊరు, విరుగుడు మందు ఉండే ఆసుపత్రి పేరు, అక్కడికి దూరం గేటు దగ్గరే కాక లోపల ప్రతి మలుపు దగ్గరా రాసి ఉంచాలి.